గిద్యోను చూపిస్తానన్న రైళ్లు

రైళ్లు చూపిస్తానని నా పెద్దకొడుకు స్టాన్లీ నన్ను జహీరాబాద్ తీసుకుపోయిన రోజు మా ఇంట్లో పొద్దున్నే పూరీలు చేశారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నా కోడలు గ్లోరీ క్రిస్మస్‌కు తప్ప పొయ్యి మీద నూనె మూకుడు పెట్టదు. ఆ రోజు పెట్టింది. "ఇంకో రెండు తిను అత్తమ్మా" అని బతిమాలింది కూడా. తిన్నాక తలకు నూనె రాసి, దువ్వి, ముడి వేసింది. బక్రీదుకు ముందు మేకకు ఇలాగే మేత పెడతారు. ఏటా చూస్తూనే ఉంటాను, అయినా నాకు తట్టలేదు.

నా పేరు రిబ్కమ్మ. మాది నారాయణఖేడ్‌కు ఆనుకుని ఉన్న పల్లె. ఖేడ్‌కు రైలు లేదు. వస్తుందని నా పెళ్లినాటి నుంచి వింటున్నాను. ఎలక్షన్లప్పుడు వస్తుంది, ఓట్లు పడగానే వెళ్లిపోతుంది. మొన్నీమధ్య మళ్లీ ఆ మాట లేచింది, దానితోపాటు రోడ్డు పక్క భూములకు గిరాకీ లేచింది. పటాన్‌చెరు నుంచి ఒక సేటు వచ్చి మా ఎర్ర మొరం చేను చూసి, ప్లాట్లు చేస్తానన్నాడు. చేను నా పేరు మీద ఉంది. కొడుకులిద్దరూ ఎగిరి గంతేశారు. స్టాన్లీకి సిర్గాపూర్ రోడ్డు మీద ఆటో తోలి తోలి విసుగొచ్చింది, కారు కావాలి. చిన్నవాడు విక్టర్‌కు ఖేడ్‌లో సొంత ఇల్లు కావాలి. నేను సంతకం పెట్టనన్నాను. ఆ చేను మూలన మా ఆయన గిద్యోను ఉన్నాడు.

ఉన్నాడంటే సమాధిలో ఉన్నాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు దవాఖానలో పోయాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చారు. ఊరి సమాధుల తోటకు తీసుకుపోతే, ఆదివారం ఆదివారం మా పక్కన కూర్చుని పాటలు పాడినవాళ్లే దారికి అడ్డం నిలబడి వద్దన్నారు. తిట్టాను, దండం పెట్టాను, ఒక్కడూ కదల్లేదు. చివరికి మా చేనుకే తెచ్చుకున్నాం. జేసీబీ బొంద తీసింది. తలనుంచి కాలిదాకా కప్పుకున్న ఇద్దరు మనుషులు దించేసి పోయారు. స్టాన్లీ అప్పుడు హైదరాబాద్‌లో పనికి పోయి అక్కడే చిక్కుకుపోయాడు. విక్టర్ మూతికి గుడ్డ కట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు. నేనొక్కదాన్నే దగ్గరికి పోయి పిడికెడు మట్టి వేశాను. పాట లేదు, ప్రార్థన లేదు. ఇంతమంది ఉన్న మనిషికి ఇదా సాగనంపడం అని నా కడుపు మండిపోయింది. అక్కడే ఆయనకు మాటిచ్చాను. "ఇగ నిన్నెవ్వరు కదిలియ్యరు. నేనొచ్చేదాక గీడనే ఉండు" అని చెప్పి వచ్చాను.

తర్వాత సమాధి కట్టించాం. ఏటా ఈస్టర్‌కు ముందు నా చేత్తో సున్నం వేస్తాను, పండుగనాడు చీకటితోనే పోయి కొవ్వొత్తి పెడతాను. సేటు ఆ సమాధిని చూసి మొహం మాడ్చుకున్నాడు. సమాధి ఉన్న జాగాలో ఎవరు ఇల్లు కట్టుకుంటారని నా కొడుకుల్ని అడిగాడు. వాళ్లు అదే ప్రశ్న తెచ్చి నన్నడిగారు.

"నన్ను గూడ ఆయన పక్కన పెట్టినంక అమ్ముకోండ్రి. అప్పటిదాక నా పానం తియ్యకుండ్రి" అని చెప్పేశాను.

చాలా రోజులు ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒకరోజు స్టాన్లీ వచ్చి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు. "అమ్మా, నాయిన నీకు రైళ్లు చూపిస్తనన్నడు గదా. నేను తీస్కపోత, పోదామా?" అన్నాడు.

గిద్యోనుకు రైళ్ల పిచ్చి ఉండేది. కందులు అమ్మడానికి జహీరాబాద్ పోయిన రోజు చెప్పిన బస్సుకు ఏనాడూ ఇంటికి రాలేదు. అమ్మకం అవగానే స్టేషన్‌కు పోయి కూర్చునేవాడు. తాను ఎక్కేది లేదు, తనవాళ్లు దిగేది లేదు, ఉత్తగా చూడడమే. ఇంటికొచ్చి చేతులు ఊపుతూ చెప్పేవాడు, నేను చాటలో గింజలు చెరుగుతూ తిట్టేదాన్ని. "ఒక్కపారి చూస్తే నువ్వు గిట్ల తిట్టవే. ఒకరోజు తీస్కపోత, పొద్దుగాల్నుంచి మాపటిదాక కూసుండి చూద్దాం" అనేవాడు. నేను రైలు ఎరగనిదాన్నేం కాదు, హైదరాబాద్‌లో బస్సు కిటికీలోంచి వెనక పెట్టెలు చూశాను. ఆయన చెప్పినట్టు కూర్చుని చూడడం మాత్రం పనుల్లో పడి ఎన్నడూ కుదరలేదు. ఆ మాట కొడుకు నోట వినగానే నాకు ఏడుపొచ్చింది. తండ్రి తీర్చకుండా పోయిన మాటను వీడు నిలబెడుతున్నాడని మురిసిపోయాను.

జొన్నరొట్టెలు, పల్లికారం మూట కట్టుకున్నాను. గిద్యోను తువ్వాల కూడా సంచిలో పెట్టుకున్నాను. ఖేడ్ బస్టాండ్‌లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటుతుంటే ఒక జేసీబీ ఎదురొచ్చింది, దాని వెనకాలే ఒక టిప్పర్. ఎవరి కుంట తవ్వుతారో అనుకున్నాను. స్టాన్లీ ఫోన్ చూసుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

జహీరాబాద్ స్టేషన్ పెద్దదేం కాదు. రేకుల కప్పు, సిమెంటు బెంచీలు, కొంచెం అవతల వేపచెట్టు. స్టాన్లీ ప్లాట్‌ఫారం టికెట్లు తెచ్చాడు.

"ఎక్కకున్నా టికెట్ కొనాల్నా?" అన్నాను.

"చూడనీకి గూడ టికెటేనమ్మా" అన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

నీడ ఉన్న బెంచీ చూసుకుని కూర్చున్నాను. గిద్యోను తువ్వాల తీసి నా పక్కన పరిచాను. ఆయన జాగా ఆయనకు ఉండాలి కదా. స్టాన్లీ ఆ తువ్వాల వైపు చూసి, వెంటనే పట్టాల వైపు తిరిగాడు. తండ్రి గుర్తొచ్చి ఉంటాడని జాలిపడ్డాను. జాలి కూడా దండగ చేసుకున్నాను ఆ రోజు.

మొదటి రైలు వికారాబాద్ వైపు నుంచి వచ్చింది. ముందు మైకులో మూడు భాషల్లో చెప్పారు. తర్వాత కాళ్ల కింద నేల వణికింది. ఆ వణుకు బెంచీలోకి, నడుములోకి ఎక్కింది. ఇంజన్ నా ముందు నుంచి పోతుంటే నాకు తెలియకుండానే పైకి నవ్వేశాను. తలుపుల దగ్గర మనుషులు, కిటికీల్లో టిఫిన్ డబ్బాలు, ఒక పిల్ల అద్దానికి ముక్కు ఆనించి నన్నే చూస్తోంది. చెయ్యి ఊపాను, ఊపింది. కాసేపు ఆగి, కూత వేసి పోయింది. అంత గోలా పోయాక పట్టాలు మాత్రమే మిగిలాయి, ఒక కాకి వచ్చి వాటి మధ్య ఏదో పొడుచుకుంది.

అప్పుడు నాకు ఆయన పిచ్చి అర్థమైంది. గిద్యోను పుట్టిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు పని చెబుతూనే ఉన్నారు. దొర చెప్పాడు, కందులు కొనే సేటు చెప్పాడు, నేనూ చెప్పాను. ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పరు. వచ్చేది దానంతట అదే వస్తుంది, పోయేది దానంతట అదే పోతుంది. ఆయన లేటుగా వచ్చిన సాయంత్రాల మీద నాకున్న కోపం ఆ బెంచీ మీదే కరిగిపోయింది. సంతోషంగా ఉన్నాను. ఆ మాట దాచను, ఆ రోజు పగటిపూట నేను చాలా సంతోషంగా ఉన్నాను.

బీదర్ బండి కోసం ఒకామె వచ్చి బెంచీ చివర కూర్చుంది. పేరు లింగమ్మట, నాగల్‌గిద్ద వైపు మనిషి. కళ్ల దవాఖానకు పోతోంది. ఒక కంటికి పట్టీ ఉంది, వెంట ఎవరూ లేరు.

"నువ్వేడికి?" అని అడిగింది.

"ఏడికి లేదు. రైళ్లు చూడనీకి వచ్చిన. నా కొడుకు తెచ్చిండు" అన్నాను, కొంచెం గర్వంగానే.

"హౌదా? ఉత్తగ చూపియ్యనీకె?" ఆమె మంచి కన్ను పెద్దది చేసి, దూరంగా ఫోన్లో మాట్లాడుతున్న స్టాన్లీని చూసింది. "నాకు ముగ్గురు కొడుకులు. దవాఖానకు రమ్మంటె ఒక్కడు రాలే. నువ్వు అదృష్టమంతురాలివమ్మా, నీ కడుపు సల్లగుండ."

ఆమెకు ఒక రొట్టె ఇచ్చాను. బీదర్ బండి వస్తే చెయ్యి పట్టి ఎక్కించాను. ఆమె దీవెన ఇప్పటికీ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. పాపం ఆమె తప్పేం లేదు.

మధ్యాహ్నం దాటింది. స్టాన్లీ రొట్టె ముట్టలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ప్లాట్‌ఫారం చివరికి పోయి, నాకు వీపు పెట్టి మాట్లాడాడు. ఎండ బెంచీ మీదికి జరిగింది, నాకు నడుం పట్టేసింది. "ఇగ పోదాం పారా, బస్సు దొర్కాలె" అన్నాను.

"ఇంకొకటి ఉన్నదమ్మా, చూసి పోదాం" అన్నాడు.

సరే, చూశాం. మళ్లీ లేచాను. మళ్లీ అదే మాట, ఇంకొకటి ఉన్నది, చూసి పోదాం. ప్యాసింజర్ తెగిన చెప్పు సరిచేసుకుంటుంటే ఆగకుండా ఆటో లాగించేవాడు నా కొడుకు. వాడికి ఇంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆశ్చర్యపోయాను.

"లేదురా, జల్దీ పోవాలె. బజార్ల సున్నం కొనాలె. ఈస్టర్ దగ్గరికొచ్చింది, మీ నాయిన సమాధికి ఎయ్యాలె గదా" అన్నాను.

"ఇగ సున్నమెందుకమ్మా..." అన్నాడు. అని, నాలుక కొరుక్కున్నాడు.

నేను తువ్వాల మడత పెడుతున్నదాన్ని ఆగిపోయాను. పొద్దుటి పూరీలు, తలకు రాసిన నూనె, ఎదురొచ్చిన జేసీబీ, దాని వెనక టిప్పర్, అన్నీ ఒక్కసారి వచ్చి నా ముందు నిలబడ్డాయి.

"జేసీబీ ఏడికి పోయిందిరా?" అన్నాను.

వాడు నోరు తెరిచేసరికి గూడ్సు వచ్చింది. ఆగే బండి కాదు. కూత పెట్టి స్టేషన్ మొత్తం ఊగేలా దూసుకొచ్చింది. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, ఎంతకీ తరగదు. ఆ మోతలో స్టాన్లీ ఏదో చెబుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నాకు ఒక్క ముక్క వినపడలేదు. చెప్పేశానని వాడు అనుకున్నాడు, బరువు దిగినట్టు భుజాలు జారాయి. గూడ్సు పోయింది.

"వినపడలే. మళ్ల చెప్పు" అన్నాను.

ఈసారి వాడికి మోత సాయం లేదు.

"నాయినను సమాధుల తోటకు మారుస్తుండ్రమ్మా. ఇప్పుడు ఎవరు వద్దంటలేరు. కొత్త పెట్టె చేయించినం. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేస్తడు, విక్టర్ ఉన్నడు అన్నీ చూసుకోనీకి. నువ్వుంటె చూడలేవని, తట్టుకోవని..."

చెంప మీద కొట్టాను. నా చేతిలో తువ్వాల ఉంది, అది కూడా వాడి మొహానికి తగిలింది. ప్లాట్‌ఫారం మీద జనం తిరిగి చూశారు. చూస్తే చూడనీ. తండ్రిని తవ్వడానికి తండ్రి మాటనే ఎరగా వేశాడే, వాడికి వేరే మాటే దొరకలేదా? ఇంకెక్కడికి రమ్మన్నా నేను ఇల్లు కదిలేదాన్ని కాదని వాడికి తెలుసు.

తిరుగు బస్సులో దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు. తోటలో మంచి జాగా చూశామని, నల్లరాయి వేయిస్తామని, నాకు కూడా పక్కనే జాగా అడిగామని. నేను బస్సు ముందు అద్దంలోంచి రోడ్డే చూస్తూ కూర్చున్నాను. తొందరగా పోతే ఆపగలనేమో, కనీసం పెట్టె మోసేటప్పుడైనా పక్కన ఉండగలనేమో అని నాకు లోపల ఇంకా ఆశ ఉంది. పాట లేకుండా ఒకసారి పంపాను, రెండోసారైనా పాడి పంపుదామనుకున్నాను.

చేను దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. మూలన సమాధి లేదు. ఆ చోట నేల అంతా చదునుగా, ఎర్రగా ఉంది. సున్నం అంటిన గచ్చు పెళ్లలు రెండు మూడు అక్కడక్కడ పడి ఉన్నాయి. గట్టు మీద కొత్త చెక్కపెట్టె ఉంది, మూత మీద సిలువ కొట్టి ఉంది. పక్కన విక్టర్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను పోయి మూత ఎత్తాను. లోపల ఏమీ లేదు.

"ఏడిరా మీ నాయిన?"

విక్టర్ లేవలేదు. స్టాన్లీ వాడి భుజం పట్టి కుదిపాక మాట్లాడాడు.

"పాస్టరయ్య మీటింగుల కోసం హైదరాబాద్ పోయిండట, రాలే. జేసీబీ ఆయన ఆగలే, ఇంకో పనున్నదన్నడు. తవ్విన మొరం తీస్కపొమ్మనే కదా వాణ్ని పిలిచింది. వాడు తవ్వుడు, టిప్పర్ల పోసుడు..."

"బొంద కాడ ఆపొద్దా?" స్టాన్లీ అరిచాడు. "ఆపుమని ఎన్నిసార్లు ఫోన్ చేసిన నీకు?"

"కరోనా బొందని చెప్తే వాడు రాకపోవునని చెప్పలే అన్నా. ఉత్త గద్దె అని చెప్పిన. దగ్గరికొచ్చినంక ఆపుదామనుకున్న. నాకు... నాకు భయమైంది. గా సంచి ఇంకా అట్లనే ఉంటదంట, రోగం గూడ ఉంటదంట. రోడ్డు మీద నిలబడ్డ. చూసేసరికి టిప్పర్ పోయింది."

మళ్లీ రోడ్డు మీదే నిలబడ్డాడు. తండ్రిని పూడ్చినప్పుడు ఎక్కడ నిలబడ్డాడో, తీసినప్పుడూ అక్కడే నిలబడ్డాడు. వాణ్ని కొట్టడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

"మట్టి ఏడ పోసిండ్రు?" అని అడిగాను.

ఖేడ్ రోడ్డు మీద కొత్తగా ఫంక్షన్ హాలు కడుతున్నారు. పునాదుల మధ్య నింపడానికి మొరం పోయించుకుంటున్నారు. స్టాన్లీ ఇంటి దగ్గరున్న తన ఆటో తెచ్చాడు, అప్పటికప్పుడే పోయాం. అక్కడ రోలర్ తన పని చేసుకుని పక్కకు పోయి నిలబడి ఉంది. పొద్దున్నుంచి ఎన్ని టిప్పర్లు వచ్చాయో, ఎవరి చేను మట్టి ఎక్కడ పడిందో చెప్పగలిగినవాడు లేడు. ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగా, బల్లలా పరుచుకుని ఉంది. స్టాన్లీ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో గీకాడు. గోళ్లు విరిగాయి తప్ప మట్టి లేవలేదు.

అదీ జరిగింది. నా కొడుకులు నన్ను చంపలేదు, కొట్టలేదు, గెంటలేదు. పూరీలు పెట్టి, రైళ్లు చూపించి తీసుకొచ్చారు. బయటివాళ్లకు చెబితే ఇందులో తప్పేముందన్నట్టు చూస్తారు. కొందరైతే పోయినాయన ఏ మట్టిలో ఉంటేనేం అన్నారు. వాళ్లింటి సమాధుల మీద రాళ్లు మెరుస్తుంటాయి కాబట్టి అలా అనగలిగారు.

సేటు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. చేను ఇప్పుడు అతను అడిగినట్టే సాఫ్‌గా ఉంది కదా. ఒకరోజు గ్లోరీ భయపడుతూ ఆ సంగతి ఎత్తింది. స్టాన్లీ గడప దగ్గర నిలబడి వింటున్నాడు. వాడికి వినపడేలా చెప్పాను.

"మీ నాయినను ఏరి తెచ్చి నా ముందట పెట్టండ్రి. గా దినమే సంతకం పెడత."

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ చేను మాట ఎత్తలేదు.

ఈస్టర్‌నాడు చీకటితోనే ఊరివాళ్లంతా కొవ్వొత్తులు పట్టుకుని, పాటలు పాడుతూ సమాధుల తోటకు పోయారు. నేను ఒక్కదాన్నే ఫంక్షన్ హాలుకు పోయాను. గేటు పక్కన ఇటుకల మీద కూర్చుని, తువ్వాల పక్కన పరుచుకుని, ముందు కొవ్వొత్తి పెట్టాను. కావలివాడు లేచి వచ్చాడు.

"ఎవరికమ్మా గీ కొవ్వొత్తి?"

"నా పెనిమిటికి."

"గీడెందుకు? ఏడున్నడాయన?"

"నువ్వు నిలబడ్డ కాడనే ఉన్నడేమో, ఎవరికెరుక. జర పక్కకు జరుగు" అన్నాను.

వాడు రెండడుగులు వెనక్కి వేసి, కిందికి చూసుకుంటూ పోయాడు.

తెల్లవారింది. ఆదివారమైనా పని ఆపలేదు, మొదటి టిప్పర్ వచ్చి మొరం గుమ్మరించి పోయింది. స్టాన్లీ ఆటో వచ్చి ఆగింది. చర్చికి కట్టుకున్న తెల్లబట్టలతోనే దిగాడు. రోడ్డు మీద పోయేవాళ్లు మమ్మల్నే చూస్తున్నారు.

"అమ్మా, ఇగ చాలు. జనమంతా చూస్తుండ్రు. ఇంటికి పోదాం రా" అన్నాడు.

అవతల మలుపులో ఇంకో టిప్పర్ మోత వినిపించింది.

"ఇంకొకటి వస్తుంది బిడ్డా. చూసి పోదాం" అన్నాను.

వాడి మొహంలో నెత్తురు లేదు. నా పక్కన తువ్వాల మీద కూర్చోబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"గది మీ నాయిన జాగ. నువ్వు నిలబడు."